గోతాల వెనక ఫ్యాను

మా బ్యాండ్ మొత్తం తొమ్మిది కచేరీలు చేసింది. వాటిలో సవ్యంగా జరిగింది ఒక్కటీ లేదు. మొదటిది పొన్నూరులో వినాయకుడి పందిరి ముందు. రెండో పాట సగంలో ఉండగా కమిటీ పెద్దాయన వచ్చి మైకు లాక్కుని, "ఇంక చాలమ్మా తల్లీ, స్వామివారు దడుచుకుంటారు" అన్నాడు. ఆ పూట అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి. దాచేపల్లి దగ్గర ఒక క్లబ్బు వార్షికోత్సవంలో మా బాస్ గిటారు కుర్రాడికి ఆంప్లిఫయర్ షాకు కొట్టింది. వాడు కెవ్వుమని గెంతితే, అది కూడా పాటలో భాగమే అనుకుని ముందు వరసవాళ్ళు ఈలలు వేశారు. ప్రత్తిపాడులో కరెంటు పోయింది. ఇంకోచోట నేను కూర్చున్న స్టూలు కాలు విరిగి డ్రమ్ముల వెనక మాయమైపోయాను. కింద పడుకునే పెడల్ తొక్కుతూ పాట పూర్తి చేశాను.

ఇవన్నీ ఆఫీసులో టీ తాగేటప్పుడు చెప్పి నలుగురినీ నవ్విస్తుంటాను. ఎనిమిది దాకా చెప్పి ఆపేస్తాను. తొమ్మిదోదాని సంగతి ఎవరైనా అడిగితే "అదీ అంతే" అంటాను. అది అంతే కాదు. మిగతా ఎనిమిదింటిలో తప్పు కరెంటుదో, స్టూలుదో, స్వామివారిదో. తొమ్మిదోదాంట్లో తప్పు నాది.

బ్యాండ్ అంటే ముగ్గురం. గుంటూరు పక్కన ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడు చదువుతుండగా మొదలుపెట్టాం. నేను డ్రమ్ములు. మా క్లాసు కుర్రాడు ఒకడు బాస్ గిటారు. గిటారు వాయిస్తూ పాడేది నా హాస్టల్ రూమ్మేట్. తనది చీరాల. వాళ్ళ నాన్నగారు చేనేత పనివారు, ముందు గదిలోనే గుంట మగ్గం. తల్లి తన చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాన్న, తనూ, రోజంతా మగ్గం చప్పుడు.

పాడేది అన్నాను కానీ, మామూలుగా మనం పాట అనుకునేది కాదది. మేం వాయించేది మెటల్, అదొక హోరు రాక్ సంగీతం; అందులో గ్రౌల్ అని ఒకటుంటుంది. గొంతును నులిమి కాకుండా, పొట్టలోంచి గాలి తోసి, దూరాన ఉరిమినట్టు ఒక శబ్దం తీస్తారు. మొదటిసారి హాస్టల్ స్నానాల గదిలోంచి అది విన్నప్పుడు తూములో ఏదో జంతువు ఇరుక్కుందని నేనే వెళ్ళి వార్డెన్‌ని పిలుచుకొచ్చాను. ఆవిడ చీపురుకట్ట పట్టుకుని తలుపు కొడితే లోపలినుంచి నలభై అయిదు కిలోల పిల్ల, తలకి తువ్వాలు చుట్టుకుని, "సారీ మేడమ్" అంటూ బయటికొచ్చింది. ఆ రోజే మేమిద్దరం స్నేహితులమయ్యాం.

తను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి, వాటిలో చెప్పినవన్నీ నోటుపుస్తకంలో రాసుకుని, ఏకలవ్యుడిలా సాధన చేసింది. ఆ పుస్తకంలో మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో ఒక మాట రాసి కింద రెండు గీతలు గీసుకుంది: గొంతులో మంట పుడితే తప్పు చేస్తున్నట్టు, వెంటనే ఆపెయ్యాలి, లేకపోతే గొంతు శాశ్వతంగా పోతుంది. రెండేళ్ళలో తనకి ఒక్కసారి కూడా మంట పుట్టలేదు. అదే తన గర్వం. "మంట లేదే, చూడు" అని గంటసేపు గర్జించి, ఆ తర్వాత మామూలు గొంతుతో మెస్సులో పప్పు అడిగేది.

సాధనకి చోటు నేనిచ్చాను. మా ఊరు పర్చూరు వైపు. నా చిన్నప్పుడు నాన్న పొగాకు వేసేవాడు. తర్వాత మానేసి పూర్తిగా మిర్చిలోకి దిగాడు. పొలంలో బ్యారన్ ఒకటి, పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే కొట్టు, ఖాళీగా ఉండిపోయింది. మందపాటి గోడలు, కిటికీలు లేవు, పైన రేకులు. మెటల్ వాయించుకోవడానికి అంతకంటే మంచి చోటు మా జిల్లాలో లేదు. ఒక్కటే బాధ, శబ్దం గోడలకి తగిలి తిరిగొచ్చి చెవుల్లో గింగురుమనేది. దానికి విరుగుడు కనిపెట్టింది కూడా నేనే. మిర్చి తొక్కి నింపి మార్కెట్ యార్డుకి పంపే గోతాలు ఇంట్లో కుప్పలుగా ఉండేవి. పాతవి ముప్ఫై తెచ్చి, కుట్లు విప్పి, గోడల నిండా రెండేసి వరసలు వేలాడదీశాను. శబ్దం చక్కగా అణిగింది. బాస్ కుర్రాడు "ఏమే, నువ్వు సౌండ్ ఇంజనీరువే" అన్నాడు. నేను పొంగిపోయాను.

మొదటి రెండు రోజులూ వాళ్ళిద్దరూ తుమ్మారు. నేను తుమ్మలేదు. ఆ తర్వాత వాళ్ళకీ అలవాటైపోయింది. మిర్చి పండించే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఘాటు తెలియదు. మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే చిరంజీవ అనరు, అనడం మొదలుపెడితే ఇంక వేరే పని జరగదు. ఫిబ్రవరి నుంచి మే దాకా కల్లంలో, వసారాలో, మంచం కింద అంతా కాయలే. నా హాస్టల్ దుప్పటికి కూడా ఆ వాసనే ఉండేదట, రూమ్మేట్ చెప్పేది. నేను ఎప్పుడు ముక్కు పెట్టి చూసినా నాకేమీ తెలిసేది కాదు. ఆ గోతాల్లో కారం ఉందన్న ఆలోచన నాకు నిజంగానే రాలేదు. ఇది సాకు కాదు, జరిగింది చెప్తున్నాను. బ్యారన్‌లో గాలి కదలదు కాబట్టి నేతలో చిక్కుకున్న ధూళి అక్కడే ఉండిపోయింది.

నాలుగో ఏడు చివర్లో హైదరాబాదు నుంచి ఒక బ్యాండ్ వాళ్ళు తనని పిలిచారు. వాళ్ళ గాయకుడు మానేశాడు, మా వీడియో ఒకటి చూశారు, పరీక్షలు కాగానే వచ్చెయ్యమన్నారు. ఆ ఫోను వచ్చిన రోజు తను మంచం మీద నిలబడి ఎగిరింది, దాని కోడు ఒకటి ఊడింది. తన జీవితంలో కావాలనుకున్నది అదొక్కటే. అయితే నాన్నగారు ఒప్పుకోవాలి. ఆయన చెడ్డమనిషి కాడు, మొండివాడూ కాడు. "నువ్వు ఏం పాడతావో నేనెప్పుడూ వినలేదు. ఒకసారి వచ్చి చూస్తా. చూసి చెప్తా" అన్నాడట. కాలేజీ వార్షికోత్సవానికి రమ్మని తను పిలిచింది. ఆ రోజు వేసుకోవడానికి నల్ల చొక్కా కావాలని అడిగితే, చీరలు తప్ప నేయని మనిషి కూతురి కోసం నల్ల గుడ్డ మూడు గజాలు నేసి పంపాడు. అంటే సగం ఒప్పుకున్నట్టేనని మేం అనుకున్నాం.

కార్యక్రమం సాయంత్రం నాలుగింటికి. మా కాలేజీ సభాస్థలం అంటే పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు. పొద్దున్నే వాయించి చూసుకుంటే ప్రతి దెబ్బా రేకులకి తగిలి మూడుసార్లు వినిపించింది. తన మొహం పాలిపోయింది. "నాన్నకి ఒక్క ముక్కా అర్థం కాదే" అంది. నేను ధైర్యం చెప్పి, మా ఊరికి ఫోను చేసి, పొలానికి వెళ్ళే ట్రాలీ ఆటోలో ఆ ముప్ఫై గోతాలూ తెప్పించాను. డ్రమ్ముల వెనక కర్రలు కట్టి తెరలా వేలాడదీశాను. చూడటానికి కూడా బాగుంది. రైతుబిడ్డల బ్యాండ్ అని ఎవరో మెచ్చుకున్నారు. ప్రతిధ్వని తగ్గింది. తను నన్ను కావలించుకుంది.

ఏప్రిల్ ఎండ. డ్రమ్ములు వాయించేవాళ్ళకి చెమట మామూలుగా పట్టదు. షామియానా వాళ్ళ దగ్గర పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద ఫ్యాను ఉంటే, నా వెనక పెట్టించమన్నాను. వాళ్ళు దాన్ని గోతాల వెనక పెట్టారు. గోతం గుడ్డలోంచి గాలి బాగానే వస్తుంది. "చాలా అమ్మా?" అని అడిగాడు ఫ్యాను పెట్టినతను. చాలన్నాను. మొదటి పాట అయ్యేసరికి చెమటకి చేతిలో పుల్లలు జారుతున్నాయి. వెనక్కి తిరిగి, "అన్నా, ఫుల్లు పెట్టు" అని సైగ చేశాను.

రెండో పాట తను స్వయంగా రాసింది. అందులో చివర నిమిషన్నర పాటు రెండు కాళ్ళతో రెండు పెడల్స్ ఆపకుండా తొక్కే ముక్క ఒకటుంది. ఆర్నెల్లు కుస్తీ పట్టినా నాకది ఒక్కసారీ కుదరలేదు. ఎప్పుడూ మధ్యలో ఎడమకాలు వెనకబడేది.

పాట మొదలైన కాసేపటికి తన గొంతు మారింది. గర్జనకి ముందు పొట్ట నిండా గాలి పీలుస్తుంది కదా, పీల్చిన ప్రతిసారీ గర్జన పొట్టిదవుతోంది. చివర తెగినట్టు ఒక చీలిక. జనానికి అది భలే నచ్చింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు దగ్గారు కానీ, వేదిక మీద పొగ మిషను ఒకటి ఉంది, దాని వల్ల అనుకున్నారు. తను ఒకచేత్తో మైకు స్టాండు పట్టుకుని ముందుకి వంగింది. వంగి దగ్గింది. మైకులోంచి ఆ దగ్గు షెడ్డంతా మోగింది. ఐదువందలమంది పిల్లలు చేతులు పైకెత్తి అరిచారు. అది దగ్గు అని వాళ్ళకి తెలియదు. మెటల్లో ఏది పాటో ఏది ప్రాణం పోవడమో తెలిసేవాళ్ళు మా కాలేజీలో ఎవరున్నారు?

అప్పుడు నేను చూశాను. షెడ్డు పడమటి పక్కనుంచి ఎండ ఏటవాలుగా వేదిక మీద పడుతోంది. ఆ ఎండలో, నా భుజాల మీదుగా తన వైపు, సన్నటి ఎర్రధూళి పోతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న రంగు. కల్లంలో కాయలు పోగు చేసేటప్పుడు లేచేది అదే. ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది, గోతాలు, ఫ్యాను, తను పీలుస్తున్న గాలి. నేను చెయ్యి ఎత్తితే చాలు. డ్రమ్ములు ఆగితే పాట ఆగుతుంది.

సరిగ్గా అప్పుడే ఆ ముక్క మొదలైంది. రెండు కాళ్ళూ కదిలాయి. కుదిరింది. ఎడమకాలు వెనకబడలేదు. ఆర్నెల్లు బ్యారన్‌లో రానిది ఆ పూట దానంతటదే వస్తోంది. ఆపుదాం, ఇదిగో ఇప్పుడు ఆపుదాం, ఈ వరస అయ్యాక ఆపుదాం అనుకుంటూనే వాయించాను. ఎదురుగా తను మోకాళ్ళ మీదికి జారింది. అందరూ ఇంకా పెద్దగా కేకలు వేశారు. ఆ కేకల్లో సగం నాకని కూడా అనుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, అనుకున్నాను.

షెడ్డు మొత్తంలో తను పాడట్లేదని తెలిసినవాళ్ళం ఇద్దరమే. మొదటి వరసలో తెల్లచొక్కాతో కూర్చున్న వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడు. పక్కవాళ్ళు కూర్చోమని చొక్కా పట్టి లాగారు. విడిపించుకుని, వేదిక మెట్లు ఎక్కడున్నాయో తెలియక, అంచు మీద చేతులానించి పాకుతూ పైకెక్కి, కూతుర్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. బాస్ కుర్రాడు వాయించడం ఆపేశాడు. నేను ఆపలేదు. ఆ ముక్క చివరిదాకా వాయించి, ఆఖరి దెబ్బ కొట్టి, అప్పుడు ఆపాను.

ఎవరిదో కారులో తనని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కారులో ఒక చోటు ఉంది. బాస్ కుర్రాడు "నువ్వెక్కవే, తొందరగా" అన్నాడు. "సామాన్లు ఎవరు చూస్తారు, నువ్వెళ్ళు" అన్నాను. కారు గేటు దాటగానే గోతాలు దించాను. ముప్ఫై గోతాలూ ఒక్కదాన్నే దించి, చుట్టి, ఆటోలో వేసి ఊరికి పంపేశాను. ఫ్యాను ముందు నేల మీద ఎర్రగా ఉంటే చున్నీతో తుడిచాను. ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాను. నేను చేసిన పనులన్నిటిలోకీ ఆ తుడవడం గుర్తొస్తే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

వెళ్ళేసరికి తనకి ముక్కు మీద మాస్కు పెట్టి మందు పట్టిస్తున్నారు. కళ్ళు ఉబ్బిపోయాయి. గొంతు వాచిందని, వారం పది రోజులు మాట్లాడకుండా ఉంటే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. వాళ్ళ నాన్న వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మడిచిన నల్లచొక్కా. నన్ను చూసి లేచాడు.

"ఏంటమ్మా ఇది? వాళ్ళేమో ఆ పొగ మిషనంటున్నారు. నువ్వు మా అమ్మాయి వెనకాలే కూర్చున్నావు గదా, నీకు తెలిసే ఉంటది. ఆ అరుపుల వల్లేనా?"

పొగ వల్ల అంటే రేపు ఎవరో ఒకరు వేదిక దగ్గరికెళ్ళి చూస్తారు, గోతాల మాట వస్తుంది. గోతాల మాట వస్తే, మరి నీకు తెలియలేదా, నువ్వెందుకు ఆపలేదు అన్న మాట వస్తుంది. ఇంత లెక్కా నా బుర్రలో ఆయన కళ్ళలోకి చూస్తుండగానే జరిగిపోయింది.

"అవును బాబాయ్ గారూ. అరుపుల వల్లే" అన్నాను. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. "రోజూ అట్లా అరిస్తే ఏ గొంతైనా పోద్ది" అని కూడా అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. "సర్లేమ్మా" అని మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.

తన గొంతు పది రోజులకి వచ్చేసింది. పరీక్షలకి హాస్టల్‌కి వచ్చినప్పుడు నోటుపుస్తకం తీసి ఆ మొదటి పేజీ నాకు చూపించింది. "మంట పుట్టిందే. మామూలు మంట కాదు, నిప్పు మింగినట్టు. అంటే నేను ఇన్నాళ్ళూ తప్పుగానే చేస్తున్నా. మంట తెలియలేదంతే. ఇంకొన్నాళ్ళు పాడితే మాట కూడా పోయేదంట, నాన్న చెప్పాడు." హైదరాబాదు వాళ్ళకి రానని చెప్పేసింది. ఫోను పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని తెలుసు. నిమురుతూ కూర్చున్నాను, అంతే.

తొమ్మిదేళ్ళు గడిచాయి. తనకి చీరాలలోనే పెళ్ళయింది, ఒక కూతురు. ఉండేది తండ్రి ఇంట్లోనే. తండ్రి నేసిన చీరలూ చుట్టుపక్కల వాళ్ళ చీరలూ ఫోను మీద అమ్ముతుంది. నేను గుంటూరులో మిర్చి నిలవ చేసే కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. నెలకోసారి మాట్లాడుకునేవాళ్ళం. తన మాట ఎప్పుడూ సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు వినపడేది. సిగ్నల్ బాగాలేదనుకునేదాన్ని. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

మొన్న ఫిబ్రవరిలో పై ఊరి నుంచి ఒకాయన సరుకు చూడటానికి వచ్చాడు. గోతాలు దించుతుంటే ఘాటు తగిలి పొలమారి, స్తంభం పట్టుకుని వంగి దగ్గాడు. మా వాళ్ళు నవ్వారు. "కొత్త కదండీ, మజ్జిగ తాగండి" అన్నారు. ఆ వంగడం చూసి నేను లోపలికెళ్ళి కూర్చున్నాను. మర్నాడు సెలవు పెట్టి చీరాల బస్సెక్కాను.

మధ్యాహ్నం వెళ్ళేసరికి తను ఇంట్లో లేదు. చీరల పార్సిళ్ళు పంపడానికి వెళ్ళింది, గంటలో వస్తుందన్నాడు వాళ్ళ నాన్న. మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను, గోతాలు, ఫ్యాను, ఎర్రధూళి, వరండాలో అబద్ధం. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఆగలేదు, పోగు మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?" అన్నాను.

"ఆ సాయంత్రమే తెలుసు. దాని చొక్కా ఆసుపత్రి కుళాయి కింద నేనే తడిపా. ఎర్రనీళ్ళు కారినయ్యి. అది నేను నేసిన నలుపు, నేను అద్దించిన రంగు. అందులోంచి ఎరుపెందుకు దిగుద్ది? పిండితే నా అరచేతులు మండినయ్యి. నువ్వు అప్పటికింకా రాలేదు."

"మరి నన్నెందుకు అడిగారు బాబాయ్ గారూ?"

ఆయన నేత ఆపాడు. "నువ్వేమంటావోనని. నిజం చెప్పుంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలవదు. ఆ పాట నాకు నచ్చలేదమ్మా. నా పిల్ల నోట్లోంచి ఆ కూత వింటే భయమేసింది. కానీ మాటిచ్చా, ఊరికే వద్దంటే మాట తప్పినట్టయితది. వద్దనడానికో కారణం కావాల్సొచ్చింది. నువ్వు తెచ్చిచ్చావు." తెగిన పోగు ముడేస్తూ అన్నాడు, "తప్పు నీ ఒక్కదానిదే అనుకుని ఇన్నేళ్ళూ బాధపడ్డావు గావాల. సగం నా దగ్గరుంది."

ఆ మాటకి నా బరువు తగ్గాలి. తగ్గలేదు. మేమిద్దరం పెద్దమనుషుల్లా చెరిసగం పంచుకున్నది తన గొంతుని.

"దానికి చెప్తావా?" అని అడిగాడు. చెప్తానన్నాను. ఆపమంటాడనుకున్నాను. తల మాత్రం ఊపాడు.

తను వచ్చింది. నన్ను చూసి మొహం వెలిగిపోయింది, పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "చెప్పకుండా వచ్చావేంటే!" అంది. ఆ సంతోషం కూడా గుసగుసలాగే ఉంది. ఫోనుది కాదు, సిగ్నల్‌ది కాదు, తను మాట్లాడే తీరే అది. ఇంక ఆగితే మళ్ళీ వీపు నిమురుతూ కూర్చుంటానని భయమేసి, తనని కూర్చోబెట్టి చెప్పేశాను.

గోతాల సంగతి వినగానే నవ్వింది. "కారమా? ఓసి నీ... మీ వైపోళ్ళకి ముక్కులున్నయ్యా లేవా?" అంది. నిజంగానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది.

"నువ్వెప్పుడు చూశావు?"

"రెండో పాటలో. నా ముక్క మొదలవుతుండగా."

"అదయ్యే దాకా వాయించావు."

"వాయించాను."

"ఎందుకే?"

అబద్ధం చెప్పడానికి ఇంక నాలో ఏమీ మిగల్లేదు. "బాగా వస్తోందే ఆ రోజు" అన్నాను.

తను తల వంచుకుంది. ఆ తర్వాత మగ్గం వైపు చూసింది. తను అడగకముందే ఆయన గుంటలోంచి, "నాకూ తెలుసమ్మా" అన్నాడు. మా ఇద్దరికేసీ మార్చి మార్చి చూసింది. నేను దెబ్బకి సిద్ధంగా ఉన్నట్టు నిలబడ్డాను. ఆయన కూడా అలాగే కూర్చున్నాడు.

"నా కూతుర్ని నేను ఒక్కసారి కూడా గట్టిగా పిలవలేదు" అంది. "రోడ్డు మీదికి ఉరికినా, వెనకాల పరిగెత్తి పట్టుకోవడమే. కేకేస్తే గొంతు పోద్దని."

ఈ మాట కూడా మెల్లగానే అంది.

"తిట్టవే నన్ను" అన్నాను. నాకు ఏడుపొస్తోంది. "నీ నోటికొచ్చినట్టు తిట్టు. గట్టిగా తిట్టు. నీ గొంతుకేం కాలేదే, ఏనాడూ ఏం కాలేదు. కేకెయ్యి."

తను నోరు తెరిచింది. పొట్ట నిండా గాలి తీసుకుంది, భుజాలు లేచాయి. చెయ్యి దానంతటదే వచ్చి గొంతు మీద పడింది. గాలి అలాగే వదిలేసింది.

"ఎట్లా అరవాలో మర్చిపోయానే" అంది.